తమిళం తెలియని తమిళం సారు

మా యోగానంద సారు తమిళం చెప్పేవారు. ఏ మాటకు తమిళం అడిగినా ఆయన జవాబు మాత్రం ఒక్కటే: "నాకు తెలీదమ్మా."

నర్సింగు ముగించి వేలూరు ఆస్పత్రుల్లో ఉద్యోగాలకు పోవాలనుకున్న పద్నాలుగు మందిమి, చిత్తూరులో జయరావు గారి కోచింగ్ సెంటరులో చేరాం. రోగి మాట అర్థం కాకపోతే అక్కడ ఉద్యోగం రాదు.

"సార్, 'తల తిరగతా ఉండాది' అనేదానికి తమిళంలో ఎట్ల చెప్పాల?" అన్నాను మొదటిరోజే.

"నాకు తెలీదమ్మా. యాడన్నా కనుక్కోనొచ్చి నాకూ చెప్పు."

"యాడ కనుక్కోవాల సార్?"

"అదీ తెలీదే!"

మార్కెట్టులో పూలమ్మే చెంగమ్మది తమిళం. ఆమె ముందు నిలబడి, తల పట్టుకుని గుండ్రంగా తిప్పి చూపించాను. ఆమె బెదిరిపోయి, "తలై సుత్తుదా? అయ్యయ్యో!" అంటూ నన్ను గోనెపట్ట మీద కూలేసి, నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరించింది. జడంతా తడిసింది గానీ ఆ మాట ఈ జన్మకు మరవను.

నెల తిరిగేసరికి సోడా బండాయన, వేలూరు బస్సు కండక్టరు, ఇడ్లీ అంగడి అవ్వ, అందరూ మాకు గురువులే. సారొక్కరే శిష్యుడు. మేం చెబుతుంటే బుద్ధిగా రాసుకునేవారు.

మాలో లోహిత అనే పిల్ల ఉండేది. మూడు వారాలైనా ఆమె గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఒకరోజు సారు రోగిని నొప్పి ఎక్కడని అడగడం చూపిస్తూ, "ఎంగ వళిక్కిదు?" అన్నారు.

"వళి కాదు సార్," అంది వెనక బెంచీలోంచి సన్నటి గొంతు. "వలి. వలి అంటే నొప్పి. వళి అంటే దారి."

"అట్లనా! నాకు తెలీదే. ఇంకోసారి చెప్పు, గట్టిగా."

లోహిత గట్టిగా చెప్పింది. మరుసటిరోజు ఆయన మరో రెండు తప్పులు చేశారు. ఆమె లేచి నిలబడి దిద్దింది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నొప్పికీ దారికీ తేడా తెలియని మనిషి మాకు గురువా? నేరుగా పోయి జయరావు గారికి చెప్పేశాను.

ఆయన అందరి ముందూ సారును పిలిచి అడిగారు: "ఏమప్పా యోగానందా, నీకు తమిళం వచ్చునా, రాదా?"

"నాకేం తెలుసు సార్? పిల్లోళ్లకి బాగా వస్తా ఉండాది, వాళ్లనడగండి."

జయరావు గారు అడగలేదు. సారు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

కొత్త సారు నలభై పేజీల నోట్సు ఇచ్చారు. హాయిగా బట్టీ కొట్టాం. ఊళ్లో ఎవరినీ పలకరించే పని తప్పింది. ఇంటర్వ్యూలో మా ముందు కూర్చోబెట్టిన రోగి నోట్సులో లేని మాటలు మాట్లాడింది. నా పక్క బెంచీ అమల బిక్కమొహం వేసింది. మాలో ఎనిమిది మంది వెనక్కి వచ్చేశారు. అమల ఇప్పటికీ బట్టల అంగట్లో పని చేస్తోంది. ఆమె కనబడితే నేను తల దించుకుంటాను.

నాకు, లోహితకు ఉద్యోగాలొచ్చాయి. చేరిన నెలకు వార్డులో పనిచేసే పెద్దాయన ఒకరు మాటల్లో అన్నారు: "యోగానంద శిష్యులా? ముప్పై ఏండ్లు ఈడే రోగులకు ఓపీ చీట్లు రాసినాడు. ఆయన తమిళంలో ఒక్క కేక వేస్తే లైను దానంతటదే చక్కబడేది!"

ఆదివారం రైలెక్కి సారు ఊరు పాకాల పోయాను. దారి పొడుగునా తమిళంలో క్షమాపణ తయారు చేసుకున్నాను. సారు భార్య కోమలమ్మది తమిళనాడులోని ఆర్కాడు. నేనెవరో చెప్పగానే నవ్వింది.

"ఆ లోహిత నోరు తెరవాలని ఈయన వారం రోజులు అద్దం ముందర నిలబడి తప్పుగా మాట్లాడేది నేర్చుకున్నాడమ్మా. ఎంత మొత్తుకున్నా సరైన మాటే వస్తా ఉన్నింది!"

సారు ముందు చేతులు కట్టుకుని, "నాన్ ఉంగళై మన్నిచ్చిట్టేన్, సార్" అన్నాను.

అంటే, 'నేను మిమ్మల్ని క్షమించేశాను' అని!

కోమలమ్మ దిద్దబోయింది. సారు చెయ్యెత్తి ఆపి, నా వైపే చూశారు.

నా మాట నాకే వినబడింది. "ఇల్లె, ఇల్లె... ఎన్నై మన్నిచ్చిడుంగ, సార్." నన్ను క్షమించండి.

సారు ముఖం వెలిగిపోయింది. "అట్లే అమ్మా. నువ్వు నన్ను క్షమించినావు, నేను నిన్ను క్షమించినాను. కూసో, కాఫీ తాగుదువు."