పాతర కొలిచిన వెంకటకృష్ణయ్య

ఆదోని వ్యాపారి బాలకృష్ణయ్య పెద్దకొడుకు వెంకటకృష్ణయ్యకు వీధిబడిలో మంచి పేరుండేది. అతను ఎక్కాలు అందుకుంటే అయ్యవారు బెత్తం పక్కన పెట్టి కళ్ళు మూసుకుని వినేవాడు. పదహారో ఎక్కం, ఇరవయ్యో ఎక్కం అందరు పిల్లలూ చెప్పేవే. వీసం ఎక్కం, పరక ఎక్కం, ముప్పాతిక ఎక్కం కూడా అతను ఎక్కడా తడబడకుండా రాగం తీసి చెప్పేవాడు. పత్తి, వేరుశెనగ అమ్మే ఇళ్ళలో ఆ చిన్న భాగాల లెక్కలు నోట్లో ఉండాలి. కాటా దగ్గర నిలబడి ఆలోచించేవాడికి బేరం దక్కదు.

హైస్కూలు ఆ నోటితోనే గడిచింది. ఇంటర్మీడియేటు కూడా గడిచింది. 1937లో మద్రాసులో ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. తుంగభద్రకు ఆనకట్ట కడతారనే మాట అప్పటికే ఏళ్ళ తరబడి నలుగుతోంది. ఆ ఆనకట్ట కింద కాలువలు తవ్వేటప్పుడు తను అక్కడ ఉండాలని అతని కోరిక.

మొదటి ఏడాదిలోనే కాలిక్యులస్ అడ్డుపడింది. వెంకటకృష్ణయ్య తనకు తెలిసిన పనే చేశాడు. పుస్తకంలోని సూత్రాలన్నీ ఎక్కాలుగా కట్టుకున్నాడు. సైన్‌కు కాస్, కాస్‌కు మైనస్ సైన్ అంటూ హాస్టల్ వరండాలో రాగం తీస్తుంటే తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. పరీక్షలో ఎక్కం అడగలేదు. గరాటులాంటి తొట్టిలో నీళ్ళు పోస్తుంటే ఒక ఎత్తు దగ్గర మట్టం ఎంత వేగంగా లేస్తుందని అడిగారు. ఏ సూత్రం ఎక్కడ వాడాలో అతనికి తోచలేదు. ఆ ఏడు తప్పాడు. మళ్ళీ చదివి 1939 వేసవిలో రెండోసారి తప్పాడు. ఇక సెప్టెంబరు పరీక్ష ఒక్కటే మిగిలింది. అదీ పోతే కాలేజీలో పేరు కొట్టేస్తారు.

ఆ సంగతి చెప్పగానే బాలకృష్ణయ్య తేల్చేశాడు.

"సెప్టెంబరూ లేదు, గిప్టెంబరూ లేదు. రెండు తూర్లు మునిగినోడు మూడోతూరి ఈదుతాడా? శ్రావణంలో మంచి దినం సూసి దుకాణంలో కూర్సో."

తండ్రికి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. బజారులో ఎవరు కనిపించినా కాలేజీ సంగతే అడుగుతున్నారు. వెంకటకృష్ణయ్య పుస్తకం సంచిలో పెట్టుకుని మోటారు బస్సెక్కి ఎమ్మిగనూరులో అత్తగారింటికి పోయాడు. భార్య కమలమ్మ ఎండాకాలం కదా అని పుట్టింట్లోనే ఉంది.

మామ తిప్పయ్య శెట్టి జొన్నల వ్యాపారి. మాట కరుకే కానీ చెడ్డవాడు కాదు. అల్లుడు వచ్చిన మర్నాటి నుంచే పెరటి చావిట్లో కూర్చుని పాత పాటే ఎత్తుకుంటే ఆయన ఏమీ అనకుండా వింటూ తిరిగాడు. కమలమ్మ జొన్నలు చెరుగుతూ పక్కన కూర్చునేది. ఒక పూట అతను పరధ్యానంగా చదువుతుంటే ఆమె చేట ఆపింది.

"కాస్‌కు మైనస్ అనాల. మీరు మైనస్ మింగినారు."

"నీకెట్ల తెలుసు?"

"పొద్దున లేస్తే అదే గదా ఇంటాండా. రోలు కాడ నిలబడితే నా నోట్లోనూ అదే పాట వస్తాంది."

"అయితే పరీచ్చ నువ్వే పోయి రాయి."

"రాస్తా గానీ, ఇది దేన్ని కొలిసేదో సెప్పండి. వీసం ఎక్కం బంగారానికి. పరక ఎక్కం తూకానికి. ఈ సైనుతో ఏం కొలుస్తారు?"

రెండేళ్ళలో ఆ ప్రశ్న వెంకటకృష్ణయ్యకు రాలేదు. ఆమె వెక్కిరించడం లేదు, తెలియక అడిగింది. తనకూ తెలియదని అతనికి అప్పుడే అర్థమైంది. పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

ఆ వారమే తిప్పయ్య శెట్టి పాతరలు నింపే పని పెట్టుకున్నాడు. పెరట్లో గట్టి నేల చూసి పోయిన చలికాలంలోనే రెండు కొత్త పాతరలు తవ్వించాడు. పాతరంటే భూమిలో కుండలాంటి గుంత. మనిషి దిగేంత మెడ, కింద పెద్ద కడుపు, అడుగున మళ్ళీ సన్నం. లోపల గడ్డి మండించి తడి లేకుండా చేసి, గోడలకు ఎండుగడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తుతారు. అలా పూడ్చిన జొన్నలు ఏళ్ళకేళ్ళు చెడవు. కొత్తవి కాబట్టి వాటిలో ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు.

"ఏమప్పా అల్లుడా," అన్నాడు తిప్పయ్య శెట్టి, "ఆ పుస్తకం నమిలింది సాలు. ఈ పాతర్లో ఎన్ని బస్తాలు పడతాయో సెప్పు. నీ మాట నిలిస్తే నేనే ఆదోనికి పోయి మీ నాయనతో మాట్లాడతా. నిలవకపోతే ఆయన సెప్పినట్ల ఇను."

వెంకటకృష్ణయ్య పంచె పైకి కట్టి వెంటనే దిగబోయాడు. పాతరలు తవ్విన కూలీ బజారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు సామీ. ముందర దీపం దిగాల. దీపం ఆరితే లోపలికి పోయిన మనిషీ ఆరతాడు."

లాంతరు తాడుతో దించారు. వెలుగు నిలిచాక వెంకటకృష్ణయ్య దిగాడు. వెదురు కర్రతో లోతు చూసి, మెడ దగ్గర ఒక వెడల్పు, కడుపులో ఒకటి, అడుగున ఒకటి తీసుకున్నాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉండేలా చెక్కపెట్టె ఒకటి కొట్టుకుని, బస్తా జొన్నలతో అది ఎన్నిసార్లు నిండుతుందో చూసుకున్నాడు. ఆ పని శుభ్రంగానే చేశాడు. మూడు వెడల్పులూ కలిపి సగటు తీసి, పాతర అంతా ఆ వెడల్పే అనుకుని లెక్క కట్టి, అరవై బస్తాలని చెప్పాడు.

బజారి గంపలతో పోస్తుంటే కమలమ్మ పాతర మెడ పక్కన కూర్చుని, రాయి కట్టిన ముడుల తాడు వదిలి మట్టం చెబుతూ వచ్చింది. అరవై బస్తాలూ అయిపోయాయి. మెడ దాకా కూడా రాలేదు.

"అల్లుడి లెక్క తిన్నాక గూడా పాతర ఆకలంటాంది," అన్నాడు తిప్పయ్య శెట్టి. "పోయండ్రా, ఇంకా పోయండి."

వెంకటకృష్ణయ్య తల వంచుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా కమలమ్మ తాడు లాగి ముడులు తడుముతోంది.

"ఇందాక గంపలు గంపలు పోసినా ముడి కదల్లే," అంది ఆమె. "ఇప్పుడు సూడండి, మెడ కాడికి వచ్చేతలికి గంపకు గంపకూ ఎగిరి వస్తాంది."

అతను లేచి వచ్చి తాడు తన చేతిలోకి తీసుకున్నాడు. బజారి పోస్తున్నాడు. గంప మారలేదు, పోసే తీరు మారలేదు. మట్టం లేచే వేగం మాత్రం మారిపోతోంది. కడుపులో వెడల్పు ఎక్కువ కాబట్టి పోసిందంతా పక్కలకు పరుచుకుంది. మెడలో చోటు లేక పైకి లేస్తోంది. ఏ ఎత్తు దగ్గర ఎంత వేగమో ఆ ఎత్తు దగ్గరి వెడల్పే చెబుతుంది. మద్రాసులో తను తప్పిన గరాటు తొట్టి ప్రశ్న ఇదే.

అక్కడే నేల మీద కూర్చుని వేలితో గీశాడు. పాతరను అప్పడాల దొంతర లాగా అడ్డంగా పలుచగా కోసుకుంటే ఒక్కో అప్పడం ఒక్కో వెడల్పు. వెడల్పు రెండింతలైతే అప్పడంలో పట్టేది నాలుగింతలు. తను ముందే వెడల్పులు సగటు చేసి ఆ నాలుగింతలను పోగొట్టుకున్నాడు. దొంతరను అప్పడానికి అప్పడం లెక్కగట్టి కూడాలి. అప్పడాలు ఎంత పలుచనైతే కూడిక పాతరకు అంత దగ్గరవుతుంది. పుస్తకంలో పొడుగాటి ఎస్ లాంటి ఆ గుర్తు, తను రాగం మాత్రమే తీసిన ఆ గుర్తు, ఈ కూడిక కోసమే ఉంది.

మొదటి పాతర ఎనభై బస్తాల దగ్గర నిండింది. తిప్పయ్య శెట్టి పైపంచె దులుపుకుని లోపలికి పోబోయాడు.

"మామా, రెండోది గూడా కొలుస్తా."

"రెండు తూర్లు మద్రాసులో, ఒక తూరి ఈడ. ఇంకెన్ని తూర్లప్పా?"

"ఈతూరి యాడ తప్పినానో తెలిసింది. ఆ రెండు తూర్లు అదీ తెలీలేదు."

తిప్పయ్య శెట్టి అల్లుడి ముఖం, మోకాళ్ళ దాకా అంటిన మట్టి చూశాడు.

"దీపం దించురా బజారీ," అన్నాడు.

ఈసారి వెంకటకృష్ణయ్య తొందరపడలేదు. అడుగుకొక గుర్తు పెట్టుకుని ప్రతి గుర్తు దగ్గరా రెండు దిక్కులా వెడల్పు తీశాడు. కడుపు గుండ్రంగా లేని చోట అరడుగుకొకటి తీశాడు. పైన కమలమ్మ అతను అరిచి చెప్పిన కొలతలు బొగ్గుతో గోడ మీద రాసింది. సాయంత్రానికి లెక్క తేలింది. డెబ్భై రెండు బస్తాలన్నాడు. మర్నాడు పోస్తే డెబ్భై రెండు పట్టి, పైన కొన్ని గంపలు పట్టాయి.

"గడ్డి అణిగింటాది, సామీ," అన్నాడు బజారి.

"అణగనీ, అణగనీ," అన్నాడు తిప్పయ్య శెట్టి. ఆ వారంలోనే బస్సెక్కి ఆదోనికి పోయాడు. వియ్యంకుడితో ఏం మాట్లాడాడో ఎమ్మిగనూరులో ఎవరికీ చెప్పలేదు. వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "పరీచ్చకు పొమ్మన్నాడు. ఇదే ఆకరు అన్నాడు," అని మాత్రం అన్నాడు.

సెప్టెంబరులో మద్రాసులో పరీక్ష. వెంకటకృష్ణయ్య పాత రాగాలు సగం మర్చిపోయాడు. ప్రతి లెక్కకూ బొమ్మ గీసి, ఏది మారుతోందో, దేన్ని బట్టి మారుతోందో చూసుకుని మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చాడు. దాంతో పని నెమ్మదిగా సాగింది. గంట కొట్టేసరికి ఇంకా కొన్ని ప్రశ్నలు ముట్టుకోనే లేదు. రైల్లో ఆదోనికి వస్తున్నంతసేపూ రాసినవి సరిపోతాయో లేదో అనే ఆలోచనే.

అక్టోబరు చివర ఫలితం కార్డు వచ్చింది. అప్పటికి ఆదోనికి కొత్త వేరుశెనగ బండ్లు దిగుతున్నాయి. బాలకృష్ణయ్య బజారులో తన సరుకు అమ్ముతూ దళారి దేవేంద్రప్పతో బేరంలో ఉన్నాడు. పక్కవాళ్ళకు ధర తెలియకుండా తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి చెప్పుకోవడం అక్కడి పద్ధతి. వెంకటకృష్ణయ్య వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు.

"నాయనా, పాసైనాను."

బాలకృష్ణయ్య తల తిప్పలేదు. చెయ్యి తువాలు కిందే ఉంది.

"ఎంతలో?"

"బొటాబొటిగా."

"బొటాబొటి అంటే గీతకు లోపలనా, బయటనా?"

"లోపలే."

"రైలెప్పుడు?"

"క్లాసులు మొదలై శానా దినాలాయె. రేపే పోవాల."

"సరే. ఇంటికి పోయి మీ అమ్మకు సెప్పు. ఈడ నిలబడితే బేరం సెడతాది."

వెంకటకృష్ణయ్య బండ్ల మధ్య నుంచి ఇంటివైపు పోయాడు. దేవేంద్రప్ప తువాలు ఎత్తి లోపలి చేతులకేసి చూశాడు.

"ఏం సెట్టీ, కొడుకుతో మాట్లాడతా ఏ వేలు పట్టినావో సూసుకున్నావా? అమ్మేటోడివి, నువ్వే ధర దించుతాండావే."

బాలకృష్ణయ్య చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పట్టినాను గదా, ఆ ధరకే ఖాయం చెయ్," అన్నాడు.