మాల వేసుకోని చేప

పుంగనూరులో మునిశేఖర్ అయ్యప్ప మాల వేసుకున్న పొద్దు, వాళ్ళమ్మ సుబ్బలక్ష్మమ్మ ఫ్రిజ్ మొత్తం ఊడ్చి కడిగింది. మంచి పనే. కానీ ఆ ఊపులో డబ్బాడు రొయ్యలు కూడా చెత్తబండి ఎక్కాయి. అవి మనుషులు తినేవి కావు, హాల్లో ఉప్పునీళ్ళ అక్వేరియంలో ఉన్న ఏంజెల్ చేపవి.

దాన్ని బెంగుళూరు నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు. నీలం ఒంటి మీద పసుపు చారలు, అబ్బో, ఏం టెక్కు! మొదట్లో ఏదీ ముట్టలేదు. నానా తంటాలు పడితే చివరికి రొయ్య తురుముకు నోరు తెరిచింది. ఇప్పుడు అదీ పోయింది.

పాలకూర వేలాడదీశాడు. చూడను కూడా లేదు. ఎండు నాచు పెట్టాడు. గుళికల మేత వేస్తే నోట్లోకి తీసుకుని తుపుక్కున ఉమ్మేసింది. మండల దీక్ష పూర్తయ్యేదాకా అది బతుకుతుందా? భజనలో కూర్చున్నా ధ్యాస చేప మీదే. నోట్లో శరణుఘోష, మనసులో "తినవే తల్లీ".

"ఎవురికీ తెలీకుండా రొండు రొయ్యలు తెస్తా సామీ," అంది భార్య ఉషా.

వంటింట్లోంచి సుబ్బలక్ష్మమ్మ కయ్యిమంది. "మాలేసిన ఇంట్లో నీసు వాసనొస్తే నేనీడ ఉండను!"

వద్దన్నట్టు మునిశేఖర్ భార్యకు చెయ్యూపాడు. ఉద్యోగం పర్మనెంటయితే కొండకొస్తానని మొక్కుకున్నది తానే. మొక్కు తప్పాలంటే భయం, చేప చస్తే పాపం. వాడి ప్రాణం అడకత్తెరలో పోకచెక్కయింది.

ఆ మధ్యాహ్నం చేప రాయి పక్కన ఒరిగిపోయింది. వాడు విస్తరి ముందు నుంచి లేచి అద్దం దగ్గర కూలబడ్డాడు.

"అన్నం మీద అలుగుతారా సామీ?" అంటూ వచ్చిన సుబ్బలక్ష్మమ్మ వంగి చూసింది. కురబలకోటలో గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఏ జీవాన్ని చూసినా ముందు డొక్క చూస్తుంది.

"అయ్యో, డొక్క ఈడ్సకపోయిండాది గదప్పా! యాల సెప్పల్యా?"

"రోజూ సెప్తానే ఉండాను గదమ్మా."

"నోరులేని జీవం ఉసురు పోసుకుని ఏ కొండెక్కుతావు?" అని కొంగు దోపి, సంచీ పట్టుకుని బజారుకు పోయింది.

తిరిగొచ్చి కొడుకును అరుగు మీదకు తరిమింది. రొయ్యల్ని పెరట్లో తనే ఒలిచి, కడిగి, తురిమింది. బయట మునిశేఖర్ చెవులు రిక్కించి కూర్చున్నాడు. లోపల్నుంచి చప్పుడే లేదు. చచ్చిపోయిందేమోనని వాడు లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"తినింది సామీ! ఇంగా కావాలని ముక్కుతో అద్దం పొడస్తాండాది!" లోపల్నుంచి సుబ్బలక్ష్మమ్మ కేకేసింది.

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీసు రాకూడదంటివి గదత్తా?" ఉషా నవ్వింది.

"మాలేసుకునింది మీ ఆయన. సేప ఏసుకునిందా?" అంటూ సుబ్బలక్ష్మమ్మ తలకు పోసుకోవడానికి పెరట్లోకి పోయింది.