హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకున్న రోజు

1983లో నా దుకాణం హుస్సేనీ ఆలంలో ఉండేది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు స్టూళ్లు, గోడ నిండా వేలాడే వైర్లు, మూలన మూతలు విప్పిన రేడియోలు. మాది గౌలిపురలో పాలమ్ముకునే కుటుంబం. మా బాపుకు బర్రెలే లోకం. నాకేమో బర్రె అరుపు కన్నా రేడియో గురగురే ఇంపుగా ఉండేది. పద్నాలుగేళ్ల పాటు పెళ్లిళ్లకు, ఊరేగింపులకు మైకులు కట్టి, ఆంప్లిఫైయర్లు బాగుచేసి, ఆ గల్లీలో 'ఉస్తాద్' అనిపించుకున్నాను. మైకు హారన్ పక్కన నిలబడి సెట్టు ఎక్కడ చెడిందో చెప్పేవాణ్ణి. మీటర్లు, గీటర్లు నాకెందుకు, చెవి పెడితే చాలదా అని గొప్పలు కూడా పోయేవాణ్ణి.

ఆ రోజుల్లో కువైట్ నుంచో, సౌదీ నుంచో ఎవరు సెలవు మీద వచ్చినా పెట్టెలో ఒక టేప్ రికార్డర్ ఉండాల్సిందే. రెండేళ్లుగా వాటితో పాటు ఖరీదైన హెడ్‌ఫోన్లూ రావడం మొదలైంది. తెచ్చుకున్నవాళ్లంతా నా దగ్గరికొచ్చి ఒకటే ప్రశ్న అడిగేవారు: దీనికి వేరే ఆంప్లిఫైయర్ కావాలా, అక్కర్లేదా?

హెడ్‌ఫోన్ డబ్బా మీద ఓమ్స్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని ఇంపీడెన్స్ అంటారు. లోపలికి వచ్చే కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో చెప్పే లెక్క. మా ఇంటి లెక్కలో చెప్పాలంటే, కొన్ని బర్రెలకు చెయ్యి తగిలితే చాలు పాలు జారతాయి. కొన్నిటి దగ్గర పిండేవాడి మణికట్టు నొప్పి పుట్టాలి. ఓమ్స్ ఎక్కువున్న హెడ్‌ఫోన్ గట్టి చన్ను బర్రె లాంటిది, చేతిలో బలం లేకపోతే చెంబు నిండదు. ఆ బలమే ఆంప్లిఫైయర్. ఓమ్స్ ఒక్కటే చూస్తే సరిపోదు, ఒకే అంకె ఉన్న రెండు జతలు కూడా వేరువేరుగా పలుకుతాయి. అందుకే నేను ప్రతిదీ నా చెవులకు పెట్టుకుని చూశాకే మాట చెప్పేవాణ్ణి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఏది పెట్టుకున్నా నాకు కుడి పక్క చప్పుడు కాస్త తగ్గినట్టు అనిపించేది. ఈ టేప్ రికార్డర్లన్నీ ఇంతే, కుడి చానల్ బలహీనం అని తీర్మానించుకున్నాను. చిన్న అల్యూమినియం డబ్బాలో ఆంప్లిఫైయర్ కట్టి, లోపల ప్రీసెట్ అనే చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో తిప్పి, కుడి పక్క బలం పెంచి ఇచ్చేవాణ్ణి. ఆ మర బయటికి కనిపించదు, కొన్నవాళ్లు మార్చుకోలేరు. అలా చాలామందికే కట్టిచ్చాను.

ఒక పొద్దున ఎస్తేరు అనే ఆమె వచ్చింది. సైదాబాద్‌లో ఉంటుంది, ఒక సర్కారు కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్. ఒక చేతిలో తన టేప్ రికార్డర్, ఇంకో చేతిలో రెండు హెడ్‌ఫోన్ డబ్బాలు.

“అన్నా, మా పక్కింటామె తమ్ముడు కువైట్ కెల్లి తెచ్చిండు. రెండిట్ల ఒకటి నేను ఉంచుకోవాలె, ఇంకోటి శుక్రవారం లోపల వాపసియ్యాలె. ఏది మంచిదో జెప్పు. ఆంప్లిఫైయర్ గావాల్నా, వద్దా అది గూడ జెప్పు.”

“హెడ్‌ఫోన్ ఎందుకు చెల్లె? నీ రికార్డర్‌కు మంచి స్పీకరే ఉన్నది గద.”

“మా ఆయనది రాత్రి షిఫ్టు. పొద్దుగాల వచ్చి పండుకుంటడు. ఉన్నది ఒక్క అర్ర. నాకేమో మధ్యాహ్నం డ్యూటీ. డ్యూటీ అయ్యేదాక బోర్డు కాడ మంది మాటలు వింట. ఇంట్ల ఉన్న నాలుగు గంటలన్న నాకు నచ్చింది వినాలె గదన్నా!”

నవ్వుతూ చెప్పింది గానీ ఆ కోరిక ఎన్నాళ్లదో ఆమె ముఖంలో కనబడుతూనే ఉంది.

మొదటిది జర్మనీది, ఆరు వందల ఓమ్స్. ఆమె రికార్డర్‌కు తగిలించి పూర్తిగా పెంచినా పక్క గదిలో ఎవరో గొణుగుతున్నట్టే ఉంది. ఆమె విన్నా అంతే. దీనికి ఆంప్లిఫైయర్ లేకపోతే పని జరగదు, అందులో వాదన లేదు. రెండోది జపానుది, ఓమ్స్ తక్కువ. ఆమె పెట్టుకోగానే కళ్లు పెద్దవయ్యాయి. “అబ్బ, మస్తుంది అన్నా!” అంది. నేను తీసుకుని పెట్టుకున్నాను. ఎడమ పక్క బాగుంది. కుడి పక్క మామూలుగానే నీరసం.

ఆమె అంత మెచ్చుకుంది కదా అని ఒక పరీక్ష పెట్టి చూశాను. ఎడమ కుడి చానళ్లను తారుమారు చేసే వైరొకటి నా దగ్గర ఉండేది. తప్పు రికార్డర్‌దైతే, ఆ వైరు పెట్టగానే నీరసం కుడి నుంచి ఎడమకు మారాలి. పెట్టాను. మారలేదు. కుడి పక్కే ఉండిపోయింది. అంటే రికార్డర్ బాగానే ఉంది, హెడ్‌ఫోన్‌లో కుడి చెవికి ఆనే డబ్బాలోనే జబ్బు. అంతకు ముందు ఎవరి సెట్టుకూ ఈ పరీక్ష చేసిన పాపాన పోలేదు, చూడకుండానే రికార్డర్‌ను తిట్టేవాణ్ణి. ఆ రోజు మాత్రం దొంగను పట్టుకున్నట్టు సంబరపడ్డాను. సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టి, స్క్రూడ్రైవర్ చేతికి తీసుకున్నాను.

ఎస్తేరు గబుక్కున హెడ్‌ఫోన్ మీద చెయ్యేసింది. “ఆగన్నా! విప్పితే ఆ కువైటాయన వాపసు తీసుకోడు. రెండూ నా మెడకే పడ్తయి.”

“ఖరాబు మాల్ ఇచ్చి వాపసెట్ల తీసుకోడు? కుడి దిక్కు వైరు ఊడినట్టుంది. ఐదు నిమిషాల పని.”

“నాకు రెండు దిక్కుల సమానంగనే వినొస్తుందన్నా.”

“పద్నాలుగేండ్ల సంది గిదే పని నాది. నువ్వు నాకు నేర్పుతవా?”

మాట కటువుగానే వచ్చింది. నా నోరు అప్పట్లో అలాగే ఉండేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆమె మాత్రం కోపం తెచ్చుకోలేదు, చెయ్యీ తీయలేదు.

“నేర్పుత లేనన్నా. మా బోర్డు కాడ ఎవరన్న హెడ్‌సెట్ల సప్పుడు తగ్గిందంటే, మా సూపర్‌వైజరమ్మ ముందుగాల ఒకటే మాటంటది, తిప్పి పెట్టుకో అని. నువ్వు వైర్ తిప్పినవు. ఒక్కసారి హెడ్‌ఫోన్ గూడ తిప్పి పెట్టుకో.”

ఆమె నోరు మూయించడానికే పెట్టుకున్నాను. కుడి డబ్బా ఎడమ చెవికి, ఎడమ డబ్బా కుడి చెవికి. చెడిపోయిందని నేను తీర్పు చెప్పిన కుడి డబ్బా నా ఎడమ చెవిలో చక్కగా పాడుతోంది. నీరసం మాత్రం ఎక్కడికీ పోలేదు, నా కుడి చెవి దగ్గరే ఉంది. తీసి మళ్లీ పెట్టుకున్నాను. జర్మనీది పెట్టుకున్నాను. దుకాణంలో ఉన్న పాత జత ఒకటి పెట్టుకున్నాను. అన్నిట్లోనూ అదే. ఆడలేక మద్దెల ఓడు అంటారే, రెండేళ్లుగా నేను చేసింది సరిగ్గా అదే.

చెవిని నమ్ముకుని బతికేవాడికి చెవి పోతే మిగిలేదేముంది? మళ్లీ బర్రెల కొట్టమేనా? ఎస్తేరు లేచి ఐరన్ ప్లగ్గు తీసేసి, నా ఎదురుగా కూర్చుంది.

“మా ఆఫీసుల గూడ ఇద్దరికి గిట్లయింది. ఫికర్ జెయ్యకన్నా. డాక్టర్‌కు మాత్రం సూపెట్టుకో, తాత్సారం జెయ్యకు.”

జపాను జతను ఆమె వైపు జరిపాను. “జపానుది ఉంచుకో చెల్లె. దీనికి ఆంప్లిఫైయర్ అక్కర్లేదు.” ఆ మాట అంతకు ముందు ఎవరికీ చెప్పిన గుర్తు నాకు లేదు. ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకుని సంబరంగా వెళ్లింది. ఆ సంబరం చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఇప్పుడు దాచడం దేనికి.

ఇంట్లో నాలుగు రోజులు చెప్పలేదు. ఐదో రోజు నా భార్య నర్సమ్మకు చెబితే, ఆమె ఆశ్చర్యపోనే లేదు. “రేడియో గంత లొల్లి పెడ్తవు, కుడి దిక్కు కెల్లి పిలిస్తె పలుకవు. నేను ఎన్నిసార్లు మొత్తుకోలె? ఊరందరి సెట్లు రిపేర్ జేస్తవు, నీ చెవులు ఎవరు జెయ్యాలె?” అని చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. హారన్ల పక్కన, ఎప్పుడూ కుడి చెవే అటు పెట్టి నిలబడటం వల్ల నరం దెబ్బతిందని ఆయన చెప్పాడు. పోయింది తిరిగి రాదట, ఉన్నది కాపాడుకోవాలట. దీనికీ ఒక ఆంప్లిఫైయర్ కట్టుకుంటే సరిపోదా అని అడిగాను. చప్పుడు పెరుగుతుంది గానీ అసలే అందని స్వరాలను అది ఎక్కడినుంచి తెస్తుంది అన్నాడు. ఈ ముక్క నేనే పదిమందికి చెప్పాల్సిన వాణ్ణి.

తర్వాత నన్ను తిననివ్వని ఆలోచన వేరే. కుడి పక్క బలం పెంచి నేను కట్టిచ్చిన ఆంప్లిఫైయర్లన్నీ ఇళ్లల్లో మోగుతున్నాయి కదా! గుట్టుగా ఉంచితే నా పేరు నిలుస్తుంది, కానీ వాళ్ల చెవులేం పాపం చేశాయి? రెండు రోజులు కొట్టుమిట్టాడి, చివరికి స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని బయల్దేరాను.

మొదట వెళ్లింది ఖాదర్ సాబ్ ఇంటికి. బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, దుకాణానికి రెండు గల్లీల అవతల ఉంటాడు. చాయ్ తెప్పించి, ఎంతో ఆదరంగా కూర్చోబెట్టాడు. ఆంప్లిఫైయర్ ఒకసారి చూస్తానంటే తెచ్చాడు, కానీ హెడ్‌ఫోన్ ఇవ్వడానికి తటపటాయించాడు. అడిగి తీసుకున్నాను. కుడి పక్క మెత్త కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. అంచు తప్పించి చూస్తే లోపల దూది. పొరలు పొరలుగా, అందంగా కత్తిరించి పరిచిన దూది. ఎడమ పక్క ఏమీ లేదు.

“ఏంది సాబ్ ఇది?”

ఆయన దొంగతనం చేసినవాడిలా తల దించుకున్నాడు. “కుడి దిక్కు జరంత ఎక్కువ కొడ్తుండె ఉస్తాద్. దూది పెట్టుకుంటె సరిపోయింది. ఏం పర్వాలేదు.”

“ఎన్ని రోజుల సంది?”

“మీరు ఇచ్చిన వారం సంది.”

“రెండేండ్లాయె! రోజూ నా దుకాణం ముందట కెల్లే పోతరు. ఒక్క మాట జెప్పద్దా?”

“ఎట్ల జెప్తం? ఉస్తాద్‌తోని నీ పని బాగ లేదంటమా? లిహాజ్ ఉండద్దా?”

లిహాజ్ అంటే పెద్దరికానికి, నైపుణ్యానికి ఇచ్చే మన్నన. మా బస్తీలో ఎవరూ ఎవరి ముఖం మీదా తప్పు ఎత్తిచూపరు. ఆ మన్నన చూసుకునే నేను ఇన్నాళ్లూ మీసం తిప్పుకున్నాను. సంగతంతా ఆయనకు దాచకుండా చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి చాలాసేపు ఉంచాడు.

దూది తీసేశాను. డబ్బా మూత విప్పి, లోపలి మరను వెనక్కి తిప్పాను. ఎంత తిప్పాలో నా చెవి చెప్పలేదు కాబట్టి హెడ్‌ఫోన్ ఆయనకే పెట్టి, ముఖం చూస్తూ తిప్పాను.

“ఇప్పుడెట్లుంది సాబ్?”

“మాషా అల్లా, మస్తుంది ఉస్తాద్. బరాబర్ ఉంది.”

మూత బిగించబోయి ఆగాను. “సాబ్, లిహాజ్ పక్కకు పెట్టి జెప్పుండ్రి. నిజంగ బరాబర్ ఉన్నదా?”

ఖాదర్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. ఎడమ డబ్బా మీద వేలు, కుడి డబ్బా మీద వేలు పెట్టి కాసేపు విన్నాడు. తర్వాత సిగ్గుపడుతూ నవ్వాడు.

“ఇంక... జరంత తగ్గించుండ్రి.”

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు అదే దుకాణంలో పనిచేశాను. హెడ్‌ఫోన్‌ను ముందు కొనేవారి చెవులకే పెట్టేవాణ్ణి. ఎట్లుందని ఒకసారి అడిగి, ఆగి, రెండోసారి అడిగేవాణ్ణి. మొదటి జవాబు నాకు ఇచ్చే మర్యాద. రెండోది విన్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకునేవాణ్ణి.