మామ్మగారు మావయ్య చేత చెప్పించిన మాట

రేషన్ బియ్యంతో వండిన అన్నం వార్చేటప్పుడు లేచే గంజి వాసన కొందరికి గిట్టదు. నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. మొన్న సర్వేకి వెళ్లిన ఇంట్లో గుమ్మం దగ్గరే ఆ వాసన తగిలి, చేతిలో ట్యాబ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మొగల్తూరులో మా పక్కింటి మామ్మగారు గుర్తొచ్చారు. కిరాణా కొట్టు నడిపేవారు. గట్టి మనిషి, అంతకన్నా గట్టి గొంతు. మెత్తగా మాట్లాడటం ఆవిడకి చేతకాదనే అనుకునేదాన్ని.

నాన్న పోయాక అమ్మా నేనూ మావయ్య ఇంటి వెనక గదిలో ఉండేవాళ్లం. మావయ్యకి రొయ్యల చెరువులు, కారు ఉన్నాయి. అత్తయ్యకీ అమ్మకీ పొసగక ఏడాది తిరక్కుండానే మా గదిలో వేరే పొయ్యి వెలిగింది. అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసి తెచ్చిందే మాకు తిండి. ఊరికి మాత్రం మేమంతా ఒకే కుటుంబం. అందుకే రేషన్ కార్డుల సర్వేకి వచ్చినాయన ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే అమ్మ తలెత్తుకుని, "మా అన్నయ్య దగ్గరే ఉంటున్నామండి, అందరం ఒకటే" అని చెప్పింది. కారున్న కుటుంబమని మా కార్డు రద్దు చేశారు. బయట బియ్యం కొనలేక రాత్రి వంట మానేశాం. ఇంటర్ మానేసి నేనూ షెడ్డుకి వస్తానంటే అమ్మ వద్దనలేదు. అప్పుడు నిజంగా భయమేసింది.

సంగతి తెలిసి మామ్మగారు అమ్మని చెడామడా తిట్టారు. వేరే వండుకుంటున్నామని అర్జీ పెట్టు, ఎంక్వైరీకి వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పు, అంతేగా అన్నారు. అమ్మ ససేమిరా అంది. చెల్లెలికి పిడికెడు అన్నం పెట్టలేని అన్న అని ఊరు అనుకుంటుందట. నాకు ఒళ్లు మండి, ఆ పరువు వండుకు తిందామా అని అరిచాను.

"నోర్ముయ్యవే. అది పొగరు కాదు, అన్న మీద ప్రేమ," అన్నారు మామ్మగారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కొట్టు మూసి, నన్ను వెంటబెట్టుకుని మావయ్య అరుగు మీద కూర్చున్నారు. ఇక యుద్ధమే అనుకున్నాను. ఆవిడ మజ్జిగ తాగి, ఎన్నడూ లేనంత మెత్తగా, "నీ చెల్లెలు నీ పరువు కోసం పస్తుంటోంది నాయనా" అన్నారు. మావయ్యకి కార్డు పోయిన సంగతే తెలియదు. వెంటనే బియ్యం బస్తా పంపిస్తానన్నాడు. అమ్మ తీసుకోదని మామ్మగారు చెప్పారు. "మరి నేనేం చెయ్యాలండి?" అని అడిగాడు.

మావయ్యే అమ్మ చేత అర్జీ పెట్టించాడు. ఎంక్వైరీ రోజు చెరువులకి వెళ్లలేదు. వచ్చినాయన్ని తనే మా గదిలోకి తీసుకొచ్చి పొయ్యి చూపించాడు. వీధిలో నలుగురూ నిలబడి వింటున్నారు. "మా చెల్లెలు వేరే వండుకుంటుందండి. నా సంపాదన దాని కంచం దాకా రాదు. రాసుకోండి" అన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. మావయ్య మీద నాకున్న కోపమంతా ఆ పూటే పోయింది. కార్డు మళ్లీ వచ్చింది, నా చదువూ నిలబడింది.

మామ్మగారు ఇప్పుడు లేరు. గ్రామ సచివాలయంలో ఈ ఉద్యోగంలో చేరాక ఇలాంటి ఇళ్లు ఎన్నో చూశాను. అందరం ఒకటేనండి అని ఏ ఆడమనిషైనా నేల చూపులు చూస్తూ అంటే ఆవిణ్ణి గుచ్చి గుచ్చి అడగను. ఇంటి పెద్ద ఎక్కడున్నాడో కనుక్కుని వెళ్లి, పక్కన కూర్చుని, నెమ్మదిగా ఆయన్నే అడుగుతాను. చాలామంది నిజమే చెబుతారు.