ముడులేసిన ధోవతి

యుద్ధం ఎక్కడో జరిగేది, బట్టల కరువు మాత్రం వరంగల్‌లోని మా ఇంట్లోనే కాపురముండేది. (బీరువా నిండా బట్టలు పెట్టుకుని ‘కట్టుకోవడానికేమీ లేదు’ అనే ఈ కాలం వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.) ఆ రోజుల్లో కంట్రోలు దుకాణం ముందు పొద్దున్నుంచి నిలబడి, తోపులాటలో చొక్కా గుండీలు పోగొట్టుకుని, ఒక తెల్లధోవతి సంపాదించాను. మరునాడు బజారులో ఒక సేటు బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాలి. చిరుగుల ధోవతితో వస్తే గడప తొక్కనియ్యనని సేటు ముందే చెప్పాడు.

సాయంత్రం బయటి నుంచి వచ్చేసరికి పెరట్లో పసుపునీళ్ల గంగాళం, అందులో నా ధోవతి! పుట్టింటికొచ్చిన అక్కా, అమ్మా కలిసి చుక్కల అద్దకం కోసం దాని నిండా శనగగింజలు పెట్టి, దారంతో ముడులేసి, నానబెట్టారు.

“గిదేం పనే అక్కా? రేపు నేనేం కట్టుకోవాలె?”

“జర ఊకో తమ్మీ. ఉన్న మంచి చీర చినిగిపాయె. ముత్తైదువను, తెల్లబట్ట కట్టుకొని అత్తగారింటికి ఎట్ల పోవాలె?”

“నన్నొక మాట అడుగుతే నోరు అరుగుతదా?”

“అడిగితే ఇస్తుంటివా?” అన్నది అమ్మ, గంగాళం కలుపుతూనే.

ఇవ్వను. అది వేరే సంగతి.

ఎర్రచుక్కలు రావాలని ముడుల మీద సున్నపుతేట కూడా పూశారు. నేను బడికి పోయింది తక్కువే గానీ, శనగ నీళ్లలో ఉబ్బుతుందని తెలియడానికి బడెందుకు? తెల్లారేసరికి గింజలు ఉబ్బి దారాలు తెంపుకున్నాయి. విప్పి చూస్తే పసుపుబట్టకు ఆటలమ్మ పోసినట్టు ఎర్రటి మచ్చలు. అక్క దాన్నే చీరలా చుట్టుకుని, మురిసిపోతూ స్టేషన్ ఘన్‌పూర్ రైలెక్కింది. నేను నాన్న పొట్టిపంచె కట్టుకుని కొలువుకు పోయాను. “చెరువుల దిగొచ్చినవా?” అని సేటు నన్ను బట్టల మూటల వెనక, కాళ్లు కనబడకుండా కూర్చోబెట్టాడు.

ఎండాకాలంలో అక్కను చూడబోతే బావ వాకిట్లోనే ఎదురయ్యాడు. నెత్తిన తలపాగా నా ధోవతే! ఎండకు పసుపంతా వెలిసి, దాదాపు తెల్లగా అయిపోయింది.

“చూసినవా బామ్మర్దీ! మీ అక్క పుట్టింట్ల నా కోసమే అద్దిచ్చి, ఒంటికి చుట్టుకొని తెచ్చిందట. గిసొంటిది మీ సేటు దుకాణంల దొరుకుతదా?”

నోరు తెరిచాను. బావ వెనక నుంచి అక్క రెండు చేతులూ జోడించింది.

“యాడ దొరుకుతది బావా!” అన్నాను, పళ్లు బిగబట్టి.

ఆ కోపం ఇన్నేళ్లయినా నాలో చల్లారలేదు. అయినా ఆ పూట అక్క నెయ్యి కుమ్మరించి వడ్డిస్తుంటే, ముఖం గంటు పెట్టుకుని, మారడిగి మరీ తిన్న ఆ గుమాస్తా గుర్తొస్తే మాత్రం నవ్వాగదు.