గింజలు చదివిన వకీలమ్మ

కరీంనగర్ కోర్టు కచేరీ దారిలో నల్లకోటు వేసుకొని నడిచే ఆ ఆడమనిషి ఎవరని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. మా వాడకట్టులో ఎవరిని అడిగినా "పోశవ్వను అడుగుండ్రి" అంటారు. ఆ పోశవ్వను నేనే. చదివింది నాలుగో తరగతి వరకే. కానీ పక్కింట్లో ఏదైనా జరిగితే, దాని కారణం తెలిసేదాకా నాకు అన్నం సహించదు.

ఆమె పేరు రాధాబాయి. మా గోడకు ఆవలి ఇల్లే. తండ్రి లింగమూర్తిది కోర్టులో తీర్పులకు నకళ్లు రాసే ఉద్యోగం.

1959లో రాధ పీయూసీ పాసైంది. చెట్లు, జంతువుల పాఠాల్లో మంచి మార్కులు వచ్చాయి. ఇంకేముంది, వాడకట్టంతా కలిసి ఆమెను డాక్టరును చేసేశారు. బావి దగ్గర కిష్టవ్వ నాలుక చాపి చూపించేది. హనుమండ్లు పొద్దున్నే మోకాలు పట్టుకొని వాళ్ల అరుగు మీద కూర్చునేవాడు.

"నేనింక ఏం చదువలే తాతా" అని రాధ మొత్తుకునేది.

"చదివినంక నీ దగ్గరికి రానిస్తరా? గిప్పుడే చూడు" అనేవాడు ఆయన.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం లింగమూర్తి గొంతు గోడ దాటి వినిపించింది. గొంతు పెంచే మనిషి కాదు. నేను బియ్యం చెరుగుతున్న చాట చేతిలో ఉండగానే వెళ్లాను.

హైదరాబాదు కాలేజీలో చేరడానికి దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. ఆయన పెట్టనంటున్నాడు.

"అక్కా, నువ్వే విను. డాక్టరు చదువు వద్దట. చెట్లు, పురుగులు చదివి బీఎస్సీ అయితదట. అటెన్క లా చదివి వకీలు అయితదట. వకీలు కావాల్నంటే బీఏ చదవాలె గద. కప్పలను కోసిన చేతులతోని కోర్టుకు పోతే నవ్వరా?"

"ఏందే బిడ్డా, దానికి దీనికి ఏం సంబంధం?" అని రాధను అడిగాను.

"పెద్దవ్వా, కనకవ్వ ముకద్దమా యాదికున్నదా?"

లేకపోవడమేమిటి! కనకవ్వది మంథని పక్క ఊరు. మొగుడు అన్నం తిని వాంతులు చేసుకొని పడిపోయాడు. మూడు రోజులకు తేరుకున్నాడు. వంకాయకూరలో ఉమ్మెత్త గింజలు కలిపిందని మరిది కేసు పెట్టాడు. ఆమెకు మూడేళ్ల జైలు పడింది. హైదరాబాదులో అపీలు వేయడానికి కావలసిన నకళ్లు రాసింది మా లింగమూర్తే.

"బాపూ, కూరల దొరికిన గింజలు ఎట్లున్నయని పంచనామాల రాసిండ్రు?" అని రాధ అడిగింది.

రాసిన ప్రతి ముక్కా ఆయనకు కంఠస్థం. "లేత పసుపు రంగు. గుండ్రంగ, చప్పటగ, నున్నగ."

"ఉమ్మెత్త గింజ నున్నగుంటదా?"

నాకు కాలు నిలవలేదు. పెంటకుప్ప పక్కన ఉమ్మెత్త చెట్టు నుంచి ఎండిన కాయ తెంచుకొచ్చాను. ఇంట్లో నుంచి నాలుగు ఎండుమిరపకాయలు తెచ్చాను. రెండింటి గింజలూ చాటలో రాల్చగానే రాధ వాటిని కలిపేసింది.

"బాపూ, వేరు చెయ్."

లింగమూర్తి అద్దాలు పెట్టుకొని దీపం దగ్గర చాలాసేపు ఏరాడు. ఐదారు తప్పిపోయాయి. తర్వాత నేను కూర్చొని, కళ్లు మూసుకొని, వేళ్లతోనే తీసి పెట్టాను. ఒక్కటీ తప్పలేదు. చిన్నప్పటి నుంచి మిరపకాయలు దంచుతున్న చేతులు ఇవి. గరుకుగా, గుంటలు గుంటలుగా, చెవి ఆకారంలో ఉండేది ఉమ్మెత్త. నున్నగా బిళ్లలా ఉండేది మిరప. రాధ నా చేతులు రెండుసార్లు సబ్బు పెట్టి కడిగించింది.

"చూసినవా బాపూ? నువ్వు రాసిన నకళ్లల్ల నేను చదివిన, సాక్షికి వచ్చినాయిన గింజలు చూసి ఉమ్మెత్త అన్నడు. కనకవ్వ తరఫు వకీలు సాబు, నీకెట్ల తెలుసు అని ఒక్క మాట అడగలే. అడగనీకె ఆయనకు గింజ సంగతి తెల్వది. నేను ముందుగాల గది నేర్చుకొని అటెన్క లా చదువుత."

"నీ మాట నిజమే కావచ్చు" అన్నాడు లింగమూర్తి. "అయితే గిదంత కాయితం మీద రాయ్. అపీలు వకీలుకు పంపుదాం. ఆయన ఏమంటడో చూసి దస్కత్ సంగతి ఆలోచిస్త."

రాధ రెండు గింజల బొమ్మలూ వేసి రెండు పేజీలు రాసింది. కనకవ్వ తమ్ముడు ముత్తయ్య ఆ కాగితం హైదరాబాదు తీసుకుపోయాడు. దరఖాస్తు గడువు మాత్రం దగ్గరపడుతూ ఉంది. నేను రోజుకు నాలుగుసార్లు గోడ దగ్గరికి పోయి "ముత్తయ్య వచ్చిండా?" అని అడిగేదాన్ని.

పదో రోజున వచ్చాడు. అదే కాగితం చేతిలో ఉంది.

"వకీలు సాబు రెండుసార్లు చదివిండు. రాసింది తప్పు కాదు అన్నడు. కాని పీయూసీ పిల్ల రాసిన కాయితం కోర్టుల ఎట్ల పెడ్తం అన్నడు. సాక్షి బోనుల ఉన్ననాడే అడగాల్సి ఉండె, అడిగేటోళ్లు లేకపాయె అన్నడు."

లింగమూర్తి ఆ కాగితాన్ని మడత విప్పి మళ్లీ చదివాడు. తీర్పులు తప్ప ఇంకేదీ అంత నిదానంగా చదవడం నేను చూడలేదు.

"తప్పు కాదు అన్నడా?"

"అవు, గట్లనే అన్నడు."

"రాధా, గా దరఖాస్తు తే" అన్నాడు.

అక్కడికక్కడే సంతకం పెట్టాడు. రాధ మాత్రం సంతోషపడలేదు. కనకవ్వ శిక్ష తగ్గదని ఆమెకు అర్థమైపోయింది. అట్లాగే అయింది, కనకవ్వ మూడేళ్లూ జైలులోనే ఉండి వచ్చింది. ఆ మాట ఎత్తితే రాధ ఇప్పటికీ అన్నం ముందు నుంచి లేచిపోతుంది.

బీఎస్సీ అయింది, లా అయింది. సెలవులకు వస్తే సీసాలో తేలు, అట్టముక్కల మధ్య ఎండిన ఆకులు. ఒకటీ వదలకుండా ఇదేమిటి, అదేమిటి అని అడిగి తెలుసుకున్నాను. కోటు వేసుకున్న మొదటి ఏడాది ఆడవకీలు దగ్గరికి ఎవరూ రాలేదు. రెండో ఏడాది వచ్చారు.

అయితే ఒక ఇబ్బంది. కేసుల సంగతి నాకు చెప్పదు. "బయట చెప్పేది కాదు పెద్దవ్వా" అంటుంది. ఏం చేస్తాను, పోయిన నెల నేనే కోర్టుకు వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. బుచ్చిరాములు అనే అతని గొడ్డలికి నెత్తురు అంటిందని హత్య కేసు. పోచమ్మకు మేకను కోశానని అతను చెబుతున్నాడు. సాక్షిగా వచ్చిన డాక్టరు గడగడా ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాడు.

రాధ లేచి, అది మనిషి నెత్తురో మేక నెత్తురో పరీక్ష చేయించారా అని అడిగింది. ఏ పరీక్ష, ఎక్కడ, ఎన్ని రోజులకు అని వరుసగా అడిగింది. డాక్టరు గడగడ ఆగింది. కాగితాలు తిరగేశాడు. ఆ మీదట ఒక్కో మాటా ఆచితూచి చెప్పాడు. జడ్జిగారు ఒక్కో జవాబునూ దగ్గరుండి రాయించారు.

నా పక్కన కూర్చున్నాయన "గా అమ్మ డాక్టరా, వకీలా?" అని నా చెవిలో అడిగాడు.

మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. వంకాయకూర దాకా వచ్చేసరికి బంట్రోతు వచ్చి మా ఇద్దరినీ బయటికి పంపాడు. నేనేమీ బాధపడలేదు. వరండాలో మా చుట్టూ ఇంకో ఆరుగురు చేరారు. వాళ్లందరికీ మిగతాది నిలబడే చెప్పాను.