మూడో విడతలో చెబుతాం

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు నాకు ఒక స్వచ్ఛంద సంస్థలో పదిమందికి బోధించే ఉద్యోగం దొరికింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మామూలు బడిలో ఇమడలేని పిల్లలకు చదువు చెప్పడం మీద హైదరాబాదులో డిప్లొమా చేసి, ఖమ్మం తిరిగొచ్చి కూర్చున్నాను. చేతిలో సర్టిఫికెట్ ఉంది. పిల్లల మధ్య పనిచేసిన అనుభవం ఆరు నెలలు. అంత తక్కువ అనుభవం ఉన్నవాళ్ళను మన దేశంలో పిల్లల దగ్గర ఉంచరు, శిక్షకుల్ని చేస్తారు.

నేను చెప్పాల్సిన విషయం ఇది. తల్లి కడుపుతో ఉండగా మద్యం తాగితే బిడ్డ మెదడు ఎలా దెబ్బతింటుంది, అలాంటి పిల్లల్ని ఎలా గుర్తించాలి, వాళ్ళకు ఎలా తోడుగా ఉండాలి. దాని ఇంగ్లీషు పేరు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్స్. ఆ పేరు తడబడకుండా పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది. నేర్చుకోవాల్సినవాళ్ళు ములకలపల్లి చుట్టుపక్కల అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు, ఆశ్రమ పాఠశాలల సార్లు. శిక్షణ మూడు విడతలు. మొదటి విడతలో కారణాలు, రెండో విడతలో గుర్తుపట్టడం, మూడో విడతలో తోడ్పాటు. పాఠ్యపుస్తకం ఏదో చలిదేశంలో తయారై, హైదరాబాదులో తెలుగు చేయించుకుని, మా దాకా రెండు భాగాలుగానే వచ్చింది. మూడో భాగం అనువాదంలో ఉందన్నారు. నేను ఆ ఉద్యోగం మానేసే రోజుకు కూడా అది అనువాదంలోనే ఉంది.

మొదటి విడత మండల కేంద్రంలోని మీటింగు హాల్లో జరిగింది. గోడకు ఒక బొమ్మ తగిలించాను. అందులో తెల్లగా పొడుగ్గా ఉన్న ఒక గర్భిణి సోఫాలో కూర్చుని, సన్నటి కాడ ఉన్న గాజు గ్లాసు పట్టుకుని ఉంది. ఆ గ్లాసు మీద ఎర్ర సిరాతో అడ్డగీత. ముందు వరుసలోని ఒక అంగన్‌వాడీ టీచరు చెయ్యెత్తింది.

"మేడం, ఆ గిలాసల ఏమున్నది?"

"వైన్."

"గదెట్లుంటది?"

ద్రాక్షపళ్ళతో చేస్తారని చెప్పాను. ఆమె శ్రద్ధగా రాసుకుంది. హాల్లో ఉన్న వాళ్ళందరూ రాసుకున్నారు. పొద్దున్నే కల్లుతో కడుపు నింపుకుని ఇప్పపూలు ఏరడానికి వెళ్ళే ఊళ్ళ మధ్య కూర్చుని, గర్భిణులు ద్రాక్షసారాయి తాగరాదని అరపూట బోధించాను. కల్లు మాట పుస్తకంలో లేదు. పుస్తకంలో లేనిదాన్ని చెప్పడానికి నాకు భయం.

మణుగూరు వైపు నుంచి వచ్చిన ఒక నర్సు మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను ఓదార్చింది. "ఇవన్నీ ఈ అడవి ఊర్లల్ల ఉంటయ్ మేడం. మా బొగ్గుగనుల కాలనీలల్ల గట్ల తాగరు. దావత్ అయితే బీరు, అంతే. బీరు ఏం జేస్తది?" అని అప్పడం విరుచుకుంది. బీరు కూడా మద్యమేనని చెప్పబోయాను. ఈలోగా పెరుగు వచ్చింది, మాట అటు మళ్ళింది.

రెండో విడతలో నాటకాలు వేయించాలని పుస్తకంలో ఉంది. ఒకరు నర్సు, ఒకరు తల్లి. తల్లి నిజం దాచాలి, నర్సు నొప్పించకుండా రాబట్టాలి. బాగా చేసినవాళ్ళకు బహుమతి. మన వాళ్ళకు పాఠం మీద ఉండే శ్రద్ధ ఒక వంతైతే నాటకం మీద పది వంతులు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒకామె నర్సునే తిట్టిపోసింది. ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరు గారు ముందు కుర్చీలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

చివరగా గ్లాసు గురించి అడిగిన అంగన్‌వాడీ టీచరు లేచింది. ములకలపల్లికి అవతల, బస్సు దిగి చాలా దూరం నడిస్తే వచ్చే ఊరు ఆమెది. పదో తరగతి దాకా చదివింది. తన ఊరి పిల్లల్లో ఎవరు ఎప్పుడు పుట్టారో రిజిస్టరు తెరవకుండా చెప్పగలిగేది. అంతవరకు ఎక్కువ మాట్లాడిన మనిషి కాదు. నర్సు వేషంలో ఉన్నామె "కడుపుతోటున్నప్పుడు తాగినవా అమ్మా?" అనగానే, దాచాల్సిన ఈమె దాచలేదు.

"తాగిన. ఇప్పపూల కాలం. మా అత్త ఇప్పసారా పోసింది, ఒంటికి బలమన్నది. పండుగ నాడు దొప్పల పోస్తే వద్దనొద్దు గద. ఎండలకు పొద్దుగాల కల్లు తాగిన. గోలీలు మింగుమని చెప్పిన్రు గని, గిది తాగొద్దని ఎవ్వలూ చెప్పలే." నర్సు వేషం వైపు కాకుండా నా వైపు చూసింది. "ఇగ ఇప్పుడు నేనేం జేయాలె?"

నర్సు వేషంలో ఉన్నామె గడుసుది. "గది మూడో విడతల చెప్తరమ్మా" అంది.

హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను. మొదటి బహుమతి ఆమెకే ఇచ్చాను, మూత గట్టిగా పడే స్టీలు డబ్బా. "ఎంత సహజంగా నటించారండీ!" అని మైకులో అన్నాను కూడా. హెడ్మాస్టరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మూడు నెలల తర్వాత, మూడో విడత ఊసే లేకుండా, నేర్చుకున్నవాళ్ళు దాన్ని ఎలా వాడుతున్నారో చూసి రమ్మని పంపితే ఆమె ఊరు వెళ్ళాను. ఇంటి ముందు ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల కూర్చుని చింతగింజలు ఒక్కొక్కటీ వరసగా పెడుతోంది. అది బడి జరిగే రోజు. పిల్లకు జ్వరమా అని అడిగాను. ఆమె మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. హాల్లో 'మీరు' అన్న మనిషి ఇంట్లో 'నువ్వు'లోకి దిగింది.

"జరం గాదు మేడం. ఇంటికి తీస్కపొమ్మన్నడు ఆశ్రమ బడి సారు. నువ్వు ఆ రోజు నాటకమనుకున్నవు. నేను నాటకమాడలే."

ఆ పిల్ల పుట్టాకే ఆమెకు అంగన్‌వాడీ ఉద్యోగం వచ్చింది. నా మొదటి విడత పాఠం విన్న రోజు నుంచి ఆమె నిద్ర సరిగా పోలేదట. ఎవరితో చెప్పాలో తెలియక, నాటకం పేరు మీద అడిగింది. అడిగినదానికి నేను డబ్బా ఇచ్చి పంపాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా స్టీలు సామాన్ల దుకాణం ముందు నుంచి నడవాలంటే నాకు ఇబ్బందే.

పిల్లది ఆ జబ్బేనని నేను తేల్చలేను, తేల్చగల డాక్టరు ఆ దరిదాపుల్లో లేడు. కానీ పిల్ల తీరు చూస్తే అలాగే ఉంది. మూడో ఎక్కం నిన్న గడగడా చెప్పి, ఇవాళ ఎన్నడూ విననట్టు చూస్తుంది. రెండు పనులు ఒకేసారి చెబితే రెండూ మరిచి నిలబడిపోతుంది. వారం అంగట్లో గోల ఎక్కువైతే చెవులు మూసుకుని ఏడుస్తుంది.

అలాంటి పిల్లతో ఆమె ఎలా నెట్టుకొస్తోందో ఒక పూటంతా కూర్చుని చూశాను. ఒకసారికి ఒకటే మాట. ఆ పని అయ్యాకే రెండోది. తొడుక్కోవాల్సిన బట్టలు దండెం మీద తొడుక్కునే వరసలోనే ఉంటాయి. బోరింగు దగ్గరికి రోజూ ఒకటే దారి. అంగట్లో గోలైతే పిల్లను బండ్ల వెనక్కి తీసుకెళ్ళి కాసేపు కూర్చోబెడుతుంది. ఇంట్లో అందరికీ ఒక కట్టడి, 'నిన్ననే చెప్పిన గద' అనే మాట ఎవరూ అనకూడదు. అత్త ఒకసారి నోరు జారితే ఆ పూట కోడలు ఆమెతో మాట్లాడలేదట. నా దగ్గర లేని మూడో భాగం మొత్తం ఆ ఇంట్లో ఉంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "కోపానికొచ్చి కొట్టి సూసిన, పని గాలే. గిట్ల జేస్తె అయ్యింది" అంది.

ఊళ్ళో బడి రెండో తరగతి వరకే. ఆశ్రమ పాఠశాలలో సీటు పోతే పిల్ల చదువు అక్కడితో సరి. "సార్లకు నువ్వు చెప్పు మేడం. ఇంట్ల జేసినట్టు బడిల జేస్తె నడుస్తదని చెప్పు. నా సంగతి మాత్రం చెప్పకు. తాగిన తల్లి అంటరు. నౌకరి పోతది" అంది. సరేనన్నాను. మర్నాడు ఇద్దరం పిల్లను తీసుకుని ఆశ్రమ పాఠశాలకు వెళ్ళాం. ఆమే పిల్లా హెడ్మాస్టరు గారి గది గుమ్మం దగ్గర ఆగిపోయారు.

హెడ్మాస్టరు గారు నన్ను చూసి ఎంతో సంతోషించారు. టీ తెప్పించారు. "మీ ట్రైనింగ్ మస్తు పనికొచ్చింది మేడం. అంతకుముందు ఆ పిల్ల మొండిదనుకొని కొట్టెటోళ్ళం. ఇప్పుడు కొడతలేం. జబ్బని తెలిసింది గద, అందుకే ఇంటికి పంపినం" అన్నారు. కొట్టి ఉంచుకున్న పిల్లను కొట్టకుండా వెళ్ళగొట్టారు. నా శిక్షణ సాధించిన ప్రగతి అదీ.

అలా పంపకూడదన్నాను. ఆయన సొరుగులోంచి నేను పంచిన కాగితం తీశారు. 'ఈ లోపం శాశ్వతమైనది' అన్న వాక్యం కింద గీత. ఆ గీత గీయించింది నేనే. అయినా సరైన తోడ్పాటుంటే ఈ పిల్లలు నేర్చుకుంటారు, బతుకుతారు, సంతోషంగా ఉంటారు అని ఆ తర్వాత రావాలి. అది మూడో భాగంలో ఉంది.

పద్ధతులున్నాయని చెప్పాను, ఒకసారికి ఒకటే మాట అని, రోజూ ఒకటే వరస అని. ఆయన మర్యాదగా విన్నారు. "గది ఏ పేజీల ఉన్నది మేడం? పోనీ, ఎవరన్న జేసి సూసిన్రా?"

చేసి చూసిన మనిషి గుమ్మంలో ఉంది. చెప్పనని మాటిచ్చాను. టీ గ్లాసు పట్టుకుని నేల చూశాను. గదిలో ఇద్దరు సార్లు, ఒక గుమాస్తా ఉన్నారు.

"నేను జేసి సూసిన సారు" అని గుమ్మంలోంచి వినబడింది. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. "కడుపుల ఉన్నప్పుడు తాగింది గూడ నేనే. తెల్వక తాగిన. తెలిసినంక ఊకె కూసోలే. మీరు దానికి ఏమన్న పని చెప్పి సూడుండ్రి."

హెడ్మాస్టరు గారు పిల్ల వైపు తిరిగారు. అలవాటు కొద్దీ పిల్లకు పని చెప్పారు. కిటికీ మూయి, పక్క గదిలోంచి రిజిస్టరు తే, గుమాస్తాకు ఇయ్యి, అటు తర్వాత ఇంకేదో. పిల్ల కదలకుండా నిలబడింది. "సూసిన్రా?" అన్నారాయన.

"ఒక్కటే చెప్పు సారు."

"కిటికీ మూయి."

పిల్ల మూసింది. రిజిస్టరన్నారు, తెచ్చింది. ఇయ్యమన్నారు, ఇచ్చింది. నాలుగోది ఏమిటని గుమాస్తా అడిగితే హెడ్మాస్టరు గారికే గుర్తు లేదు. ఎవరూ నవ్వలేదు. వార్షిక పరీక్షల దాకా చూద్దామన్నారాయన. అప్పటికి అదే చాలా ఎక్కువ. తిరిగి వెళ్ళేటప్పుడు పిల్లను హాస్టలు గదిలో దింపి, బట్టలు ఏ వరసలో పెట్టాలో ఆమె అక్కడి ఆయాకు చూపించింది.

గుమాస్తా నోట్లో నువ్వు గింజ నానదు. పదిహేను రోజులు తిరక్కుండానే అంగన్‌వాడీ సూపర్‌వైజరు ఆమెకు మెమో ఇచ్చింది. బాధ్యత గల ఉద్యోగంలో ఉండి మద్యం సేవించిన విషయంపై సంజాయిషీ కోరడమైనదట. తాగిన నాటికి ఆమెకు ఉద్యోగం లేదన్నది మెమోకు అనవసరం. సాక్ష్యంగా జతపరిచింది నేను పంచిన కాగితమే, గీతతో సహా. ఉద్యోగం పోలేదులెండి. అంత దూరం నడిచి వచ్చి పనిచేసే మరో మనిషి వాళ్ళకు దొరకలేదు. కానీ ఆ సంగతి తేలడానికి చాలా నెలలు పట్టింది, ఆ నెలలన్నీ ఆమె భయంతోనే గడిపింది.

మెమో అందగానే అది పట్టుకుని ఆమె ఖమ్మంలో మా ఇంటికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే పడాలనుకున్నాను. అన్నం తింటావా అంటే తినొచ్చానంది. కాగితం మడత విప్పి నా ముందు పెట్టింది.

"బిడ్డ బడిల ఉన్నది మేడం, గదే సాలు. దీనికి జవాబు నువ్వు రాయి. రాసుడు నీకు మంచిగొస్తది గద."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె ముఖం చూశాను. లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. పెన్ను తీసుకుని రాయడానికి కూర్చున్నాను.